నీళ్లలో మిరపపండు ఏ రంగు?

ఫిబ్రవరి దాటిందంటే గుంటూరు చుట్టుపక్కల కల్లాలన్నీ ఎర్రబడతాయి. ప్రత్తిపాడు మీదుగా వెళ్లినా, ఫిరంగిపురం మీదుగా వెళ్లినా రోడ్డు పక్కన ఎండుతున్న కాయలే. ఆ ఎరుపును ఫొటో తీయడం రాని స్టూడియో ఇక్కడ ఉండదు.

అదే కల్లం నుంచి తేజ రకం మిరపకాయ ఒకదాన్ని తీసుకుని సముద్రంలో దిగితే? అయిదు మీటర్ల లోతుకు వెళ్లేసరికి అది పాత ఇటుక రంగుకు తిరుగుతుంది. పది మీటర్ల దగ్గర చేతిలో ఉన్నది మిరపకాయో, ఎండిన చింతకాయో పోల్చుకోవడం కష్టం. కాయ మారలేదు. దాని ఎరుపును నీళ్లు తాగేశాయి. స్వచ్ఛమైన నీళ్లే అనుకున్నా, అయిదు మీటర్లు ప్రయాణించేసరికి ఎరుపు వెలుగులో అయిదో వంతు కూడా మిగలదు. పది మీటర్లకు మిగిలేది నూటికి మూడు పాళ్లు. నీలం మాత్రం ఇంకా కిందికి దిగుతూనే ఉంటుంది. పక్కన పత్తి దూదిని పట్టుకుంటే అది కూడా నీలిమందు తొట్టిలో ముంచి తీసినట్లే కనిపిస్తుంది.

ఇక్కడ లోతు ఒక్కటే లెక్క కాదు. కెమెరాకూ మనిషికీ మధ్య ఉన్న నీళ్లూ లెక్కలోకి వస్తాయి. రెండు మీటర్ల లోతున ఉన్న మనిషిని రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే వెలుగు నీళ్లలో నడిచింది నాలుగు మీటర్లు. ఎరుపు పావు వంతుకు పడిపోతుంది. నీటి కింద వాడే ఫ్లాష్, అంటే స్ట్రోబ్ పెట్టుకున్నా తప్పదు. దాని వెలుగు వస్తువు దాకా వెళ్లాలి, తిరిగి రావాలి. నీటి కింద ఏ లెన్సు, దాని ముందు ఏ గాజు అన్న ప్రశ్న ఎంత సాంకేతికంగా వినిపించినా, చివరికి అది ఈ మధ్యనున్న నీళ్లను ఎలా తగ్గించాలన్న ప్రశ్నే.

గుంటూరు బ్రాడీపేటలో స్టూడియో నడిపే ఫొటోగ్రాఫర్ ఒకరిని ఊహించుకుందాం. పెళ్లిళ్ల మీద సంపాదించి మిర్రర్‌లెస్ కెమెరాకు మారాడు. సంచిలో 85 ఎంఎం ఎఫ్/1.4 ఉంది. తెల్లటి 70-200 ఉంది, దాన్ని భుజాన వేసుకుంటే కల్యాణ మండపంలో దారి దానంతటదే ఏర్పడుతుంది. 24-70 ఎలాగూ ఉంది. కెమెరాతో పాటు వచ్చిన చిన్న కిట్ లెన్సు మాత్రం సొరుగులో పడి ఉంది, ఎవరైనా కొంటారేమో చూడాలి. ఇప్పుడు ఓ జంట ప్రీ వెడ్డింగ్ షూట్ ఈతకొలనులో, నీటి కింద కావాలని అడిగింది. ఆయన ఇంతకాలం లెన్సులకు ఇచ్చిన హోదాలన్నీ ఆ కొలను మెట్ల దగ్గరే తారుమారు అవుతాయి.

బావిలో నేర్చిన పాఠం

నడుముకు బెండ్లు కట్టుకుని చేలో బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకు ఈ విషయం ఎప్పుడో తెలుసు. గట్టు మీంచి చూస్తే అడుగు దగ్గరగా ఉన్నట్లుంటుంది. దూకితే అందదు. నాలుగు నిలువుల నీళ్లు మూడు నిలువుల్లా కనిపించడం వక్రీభవనం మహిమ అని తర్వాత బడిలో చెబుతారు. బల్లెంతో చేపలు కొట్టేవాడికి ఆ పాఠం అక్కర్లేదు. చేప కనిపించిన చోటికి కాకుండా దాని కిందికి విసరాలని వాడికి చేయి చెబుతుంది.

కెమెరాను నీళ్లు దూరని పెట్టెలో పెట్టి, ముందు బల్లపరుపు గాజు బిగిస్తే జరిగేదీ ఇదే. ఆ పెట్టె పేరు హౌసింగ్. లెన్సు ముందుండే గాజు కిటికీ పోర్టు. గాజు చదునుగా ఉంటే ఫ్లాట్ పోర్టు, గుమ్మటంలా ఉంటే డోమ్ పోర్టు. ఫ్లాట్ పోర్టు వెనక నుంచి చూసే లెన్సుకు ప్రతిదీ మూడో వంతు పెద్దదిగా, దగ్గరగా కనిపిస్తుంది. 28 ఎంఎం లెన్సు దాదాపు 37 ఎంఎం లెన్సులా ప్రవర్తిస్తుంది. వెడల్పు కోసం కొన్న లెన్సు వెడల్పు పోగొట్టుకుంటుంది. అంతటితో ఆగదు. అంచుల వైపు వెలుగు ఏటవాలుగా వచ్చి, రంగురంగుకూ వేరుగా వంగుతుంది. ఫొటో మూలల్లో చీర అంచుకు నేతగాడు నేయని ఎరుపు, నీలం గీతలు వస్తాయి.

అలాగని ఫ్లాట్ పోర్టును తీసిపారేయడానికి లేదు. ఇరుకు కోణంతో చూసే మాక్రో లెన్సుకు అదే సరిజోడు. వెలుగు దాదాపు నిటారుగా వస్తుంది కాబట్టి అంచుల గొడవ ఉండదు. మూడో వంతు పెద్దదిగా కనిపించడం అక్కడ నష్టం కాదు, కొసరు.

అడుగు దూరంలో ప్రపంచం

డోమ్ పోర్టు పోయిన వెడల్పును తిరిగి ఇస్తుంది. గుమ్మటం కేంద్రం సరిగ్గా లెన్సు కన్ను దగ్గర ఉంటే, ఏ దిక్కు నుంచి వచ్చిన కిరణమైనా గాజును నిటారుగానే తాకుతుంది. వంగదు, రంగులుగా విడిపోదు. ఈ కేంద్రం కుదరడమే కీలకం. హౌసింగ్‌కూ డోమ్‌కూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ రింగ్ పొడవు పది మిల్లీమీటర్లు తేడా వచ్చినా మూలలు సాగిపోతాయి. అందుకే హౌసింగ్ తయారీదారులు ఏ లెన్సుకు ఏ డోమ్, ఎంత పొడవు రింగ్ అన్నది పోర్టు చార్టులుగా ఇస్తారు. ఆ చార్టు చదవకుండా లెన్సు కొనడం, కొలతలు ఇవ్వకుండా జాకెట్టు కుట్టించుకోవడం లాంటిది.

అయితే డోమ్ ఇంకో గారడీ కూడా చేస్తుంది, చాలామంది దెబ్బతినేది దానితోనే. డోమ్ వెనక నుంచి చూసే లెన్సుకు అసలు వస్తువు కనిపించదు, దాని మిథ్యా ప్రతిబింబం కనిపిస్తుంది. ఎంత దూరంలో ఉన్న వస్తువైనా, ఆ ప్రతిబింబం గాజు ముందు డోమ్ వ్యాసార్ధానికి మూడు రెట్ల దూరంలోపే ఏర్పడుతుంది. ఎనిమిది అంగుళాల అర్ధగోళం వ్యాసార్ధం పది సెంటీమీటర్లు. అంటే గాజు ముందు 30 సెంటీమీటర్లు. నీళ్లలో కనిపించే సమస్తం, పక్కనున్న చేప నుంచి కనుచూపు మేర దాకా, ఒక్క అడుగు దూరంలోకి కుదించుకుని కూర్చుంటుంది. నాలుగు అంగుళాల చిన్న డోమ్ అయితే అది జానెడు కంటే తక్కువ.

ఇప్పుడు సంచిలోని 24-70 సంగతి చూద్దాం. సెన్సర్ నుంచి 38 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఫోకస్ చేయలేని లెన్సు అనుకుంటే, చిన్న డోమ్ వెనక దానికి నీళ్లలో ఏదీ అందదు. అంతా దాని ఫోకస్ హద్దుకు ఇవతలే ఉంటుంది. బయట మెరికలా ఉన్న లెన్సు లోపల మసకబారుతుంది. లెన్సు చెడిపోయిందని, హౌసింగ్ మోసం చేసిందని అనుకోవడం మామూలే గానీ, దోషం లెక్కది. కాబట్టి నీటి కింద లెన్సును ఎంచేటప్పుడు ఎఫ్/1.4 అన్న అంకె కంటే, కనీస ఫోకస్ దూరం అన్న అంకెను ముందు చూడాలి.

పైగా ఆ ప్రతిబింబం చదునుగా ఉండదు, గిన్నెలా వంగి ఉంటుంది. మామూలు వైడ్ లెన్సులు చదునైన తలం కోసం చేసినవి కాబట్టి మధ్యలో పదునుంటే మూలల్లో ఉండదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో ఎఫ్/11, ఎఫ్/13 దాకా మూస్తేనే మూలలు కాస్త కుదుటపడతాయి. వెలుగు తక్కువగా ఉన్న చోట అంత మూయడం చిన్న విషయం కాదు. ఫిష్ ఐ లెన్సుకు మాత్రం ఈ వంకర పెద్దగా పట్టదు. దాని చూపే వంకర. అందుకే గట్టు మీద వింత వస్తువుగా మిగిలిన ఫిష్ ఐ నీటి కింద చిన్న డోమ్‌తోనూ చక్కగా పనిచేస్తుంది.

సొరుగులోంచి వచ్చిన లెన్సు

మూడో దారి ఒకటుంది. దాని కథ ఇప్పటిది కాదు. ఫ్రాన్స్‌లో లూయీ బూతాఁ 1893లో సముద్రం అడుగున ఫొటోలు తీసినప్పుడు కెమెరాను పెట్టెలో పెట్టడం తప్ప వేరే మార్గం లేదు. 1963లో నికాన్ మార్కెట్లోకి తెచ్చిన నికోనాస్ పెట్టె అక్కర్లేని కెమెరా. దాని 15 ఎంఎం లెన్సును నేరుగా నీటిని తాకేలా, నీటినీ గాజు లెక్కలో కలుపుకునేలా రూపొందించారు. గట్టు మీద అది పనికిరాదు. నీళ్లలో మాత్రం దానికి సాటి లేదని పాత డైవర్లు ఇప్పటికీ అంటారు. 2001లో నికోనాస్ ఆగిపోయింది గానీ ఆలోచన ఆగలేదు.

అదే ఆలోచన ఇప్పుడు వెట్ లెన్సు రూపంలో తిరిగి వచ్చింది. మామూలు కిట్ లెన్సు, దాని ముందు ఫ్లాట్ పోర్టు, ఆ పోర్టుకు బయటి నుంచి నీళ్లలోనే తగిలించే ఇంకో లెన్సు. హాంకాంగ్ కంపెనీ నాటికామ్ తెచ్చిన డబ్ల్యూడబ్ల్యూఎల్-1ను 28 ఎంఎం లెన్సుకు తగిలిస్తే 130 డిగ్రీల చూపు వస్తుంది. చేప వచ్చి గాజును ముట్టుకున్నా ఫోకస్ అవుతుంది. డోమ్ వెనకున్న వైడ్ లెన్సు కంటే ఒకటి రెండు స్టాప్‌లు ఎక్కువ తెరిచినా మూలలు నిలబడతాయి. వద్దనుకుంటే నీళ్లలోనే విప్పి తీసి, దాని స్థానంలో క్లోజప్ వెట్ లెన్సు పెట్టుకోవచ్చు. తగిలించేటప్పుడు రెండు గాజుల మధ్య గాలి బుడగ చిక్కుకోకుండా చూసుకుంటే చాలు.

సోనీ ఏ7సీతో 2020లో వచ్చిన 28-60 కిట్ లెన్సును పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఎవరూ లెక్కచేయలేదు. నీటి కింద ఫొటోలు తీసేవాళ్లు మాత్రం దాన్ని ప్రత్యేకంగా వెతికి కొన్నారు. చిన్నది, తేలిక, వెట్ లెన్సుతో బాగా కుదురుతుంది. బ్రాడీపేట స్టూడియో సొరుగులో దుమ్ము పట్టిన లెన్సే హౌసింగ్ లోపల పెద్దపీట మీద కూర్చుంటుంది. 70-200 కారులోనే ఉంటుంది.

ఈతకొలను షూట్‌కు మాత్రం అదొక్కటే జవాబు కాదు. కొలను నీళ్లు తేటగా ఉంటాయి, మనుషులే విషయం. 130 డిగ్రీల చూపులో, ఫిష్ ఐలో అంచుకు వచ్చిన చేయి పొట్లకాయలా సాగుతుంది, ముఖం పక్కకు వాలుతుంది. పెళ్లికూతురి ముఖం సాగితే ఎవరూ ఒప్పుకోరు. అక్కడ 16-35 లాంటి వైడ్ జూమ్, దానికి పెద్ద డోమ్ మేలు. ఎర్ర కంచిపట్టు చీరైతే ఇందాకటి నాలుగు మీటర్ల లెక్కను గుర్తుంచుకుని ఇంకాస్త దగ్గరికి జరగాలి.

ఏ నీళ్లకు ఏ గాజు

పుస్తకాల్లో, సినిమాల్లో కనిపించే నీటి అడుగు ఫొటోలు ఎక్కువగా పగడపు దీవుల దగ్గర తీసినవి. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ల నీళ్లు అవి కావు. సూర్యలంక దగ్గర, ఓడరేవు దగ్గర సముద్రం కృష్ణ ఒండ్రును కలుపుకుని ఉంటుంది. ఎగువన ఎన్ని ఆనకట్టలు కట్టినా డెల్టా తీరానికి బురద తక్కువేమీ కాదు. కొత్తపట్నం కెరటాల్లో ఇసుక లేస్తూనే ఉంటుంది. చెరువుల్లో నాచు. ఇలాంటి నీళ్లలో స్ట్రోబ్ వెలిగిస్తే, పొగమంచులో కారు పెద్ద లైట్లు వేసినట్లు తెల్లటి చుక్కలన్నీ ఎదురొస్తాయి.

బురద నీళ్లలో రెండే రకాల ఫొటోలు కుదురుతాయి. గాజుకు జానెడు దూరంలో ఉన్నదాన్ని విపరీతమైన వెడల్పుతో తీయడం ఒకటి. నాలుగు వేళ్ల దూరంలో ఉన్న చిన్న ప్రాణిని మాక్రోతో తీయడం రెండోది. రెండింటిలోనూ మధ్యనున్న నీళ్లు తక్కువ. ఆ రెంటికీ మధ్యలో ఉండే, బయట ఫొటోగ్రాఫర్‌కు అన్నం పెట్టే 50, 85 ఎంఎంల కోణం ఇక్కడ చచ్చిపోయినట్లే. మనిషి నిలువెత్తు ఫ్రేములో పట్టాలంటే అది కనీసం రెండు మూడు మీటర్లు వెనక్కి జరగమంటుంది. ఆ రెండు మూడు మీటర్లూ బురదే.

సూర్యలంక తీరానికి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటిని నీళ్లలో తీయాలన్న కోరిక సహజమే గానీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి అది. గుడ్లు పెట్టే రాత్రి ఫ్లాష్ వేయడం దాని దారి తప్పించడమే.

నాగార్జునసాగర్ వేరే కథ. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట వెనక ఇక్ష్వాకుల విజయపురి లోయ మునిగింది. అంతకుముందే తవ్వి తీసిన కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి, అనుపుకు తరలించి తిరిగి కట్టారు. కింద లోయ, పైన కొండ, మధ్యలో నీటి గీత. సగం నీటిపైన, సగం నీటికింద చూపించే ఫొటోకు ఇంతకంటే మంచి చోటు ఊహించడం కష్టం. అలాంటి ఫొటోకు వెట్ లెన్సు పనికిరాదు, గాజుల మధ్య నీళ్లు లేకపోతే అది చూడలేదు. ఎనిమిది తొమ్మిది అంగుళాల పెద్ద డోమే కావాలి. చిన్న డోమ్ మీద నీటి గీత లావుగా, వంకరగా పాకి ఫ్రేము సగాన్ని మింగేస్తుంది. పెద్ద డోమ్ నిండా గాలి ఉంటుంది కాబట్టి అది పైకి తేలుతుంది, కెమెరా మూతి ఆకాశం వైపు ఎత్తుతుంది. మణికట్టు నొప్పి దాని వెలలో భాగమే. ఇక్కడ అనుమతి లేకుండా నీళ్లలో దిగే ప్రసక్తి లేదన్నది వేరే చెప్పనక్కర్లేదు. ఆనకట్ట నుంచి గుంటూరు, ప్రకాశం పొలాలకు వచ్చే కుడి కాలువలోనైతే అసలే వద్దు. సిమెంటు ఒడ్డు జారుడు, లోపలి వేగం పైకి కనిపించదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు క్వారీల్లో నిలిచిన నీళ్లు నున్నటి గోడల మధ్య అందంగానే ఉంటాయి. ఎక్కి రావడానికి మెట్టు ఉండదు.

తెలుగువాళ్లకు దగ్గర్లో డైవింగ్ నేర్పే సముద్రం విశాఖ. రుషికొండ దగ్గర రాళ్ల మధ్య దిగేవాళ్లకు రోజు బాగుంటే కొన్ని మీటర్ల చూపు దొరుకుతుంది, బాగోకపోతే లేదు. అక్కడ వెట్ లెన్సు ఉన్నవాడే అదృష్టవంతుడు. చూపు ఉంటే వెడల్పు, లేకపోతే విప్పి క్లోజప్. ఆటు సమయంలో విశాఖ తీరపు రాళ్ల గుంటల్లో మిగిలే నీళ్లు మాక్రోకు బడి లాంటివి. సముద్రపు పూలు, పీతలు, గోరంత పొడవున, నూడిబ్రాంకులనే రంగురంగుల సముద్రపు నత్తలు. మోకాలి లోతు నీళ్లు, 60 లేదా 90 ఎంఎం మాక్రో, ఒక ఫ్లాట్ పోర్టు. ఆ మోకాలి లోతులో ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. ఫిష్ ఐ, పెద్ద డోమ్ తమ పూర్తి ప్రతాపం చూపాలంటే అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ దాకా వెళ్లాలి. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) దిగాక తెలుగు మాట వినిపించకపోవడం అరుదు, భోజనానికీ ఇబ్బంది లేదు.

ముందు ఏది కొనాలి

బాడీ, లెన్సు, ఆ తర్వాత మిగిలిన డబ్బుతో హౌసింగ్. ఎక్కువమంది లెక్క ఇదే, తలకిందుల లెక్క. హౌసింగ్ ఒక్క కెమెరా మోడలుకే సరిపోతుంది. రెండు మూడేళ్లకు బాడీ మారిస్తే అది మూలన పడుతుంది. పోర్టులు, రింగులు, వెట్ లెన్సులు మాత్రం అదే కంపెనీ వరసలో కొత్త హౌసింగ్‌కూ చాలావరకు పనికొస్తాయి. నాటికామ్‌లో చిన్న సెన్సర్ మైక్రో ఫోర్ థర్డ్స్‌కు ఎన్85, సోనీ ఫుల్ ఫ్రేమ్‌కు ఎన్100, కానన్, నికాన్‌లకు ఎన్120 అని పోర్టు మూతుల కొలతలే వేరు. అమెరికా ఐకెలైట్ మూతి ఇంకోటి. ఒక మూతికి కట్టుబడటమంటే దీర్ఘకాలపు సంబంధం. కెమెరాతో కంటే ఎక్కువ. కొలను షూట్ల వరకే అయితే సీఫ్రాగ్స్ లాంటి పాలికార్బనేట్ హౌసింగ్ తక్కువలో పని కానిస్తుంది, పోర్టుల ఎంపిక మాత్రం కొద్దిగానే. పెద్ద కంపెనీల హౌసింగ్, పోర్టు, వెట్ లెన్సు కలిపితే కెమెరా ధరను దాటిపోవడం మామూలే.

డోమ్ గాజుదా, యాక్రిలిక్‌దా అన్న తగవు కూడా ఉంది. గాజు బరువు, ఖరీదు, గీతలు తొందరగా పడవు, పడితే పోవు. యాక్రిలిక్ తేలిక, చవక, గీతలు ఇట్టే పడతాయి. కానీ నీళ్లలో దిగగానే సన్న గీతలను నీళ్లు నింపేసి కనిపించకుండా చేస్తాయి, ఇంటికొచ్చాక పాలిష్ పట్టుకోవచ్చు. పడవ అంచులకు, కొలను గట్టుకు కొట్టుకునే కొత్తవాళ్లకు యాక్రిలిక్ నయం. నీటిపైన సగం చూపే ఫొటోలో మాత్రం ప్రతి గీతా ఎండలో మెరిసి పట్టిస్తుంది.

ఇంత ఖరీదైన పెట్టె లోపలికి నీళ్లు రాకుండా ఆపేది గ్రీజు రాసిన ఒక రబ్బరు వలయం, ఓ-రింగ్. దాని మీద ఒక తల వెంట్రుక పడి ఉన్నా నీళ్లకు దారి దొరుకుతుంది. ఈ ప్రాంతంలో వెంట్రుక కంటే దగ్గరి శత్రువు దూది పోగు. పత్తి తీతల కాలంలో అది గాలిలోనే ఉంటుంది. లారీల నుంచి రాలుతుంది, జిన్నింగ్ మిల్లుల పక్క వీధుల్లో కిటికీ ఊచలకు అంటుకుని ఉంటుంది. పోర్టు మార్చేటప్పుడు ఫ్యాను ఆపాలి. ఓ-రింగ్‌ను పంచె కొంగుతోనో, దూది పుల్లతోనో తుడవకూడదు. వేళ్లతో తడుముతూ ఒక చుట్టు తిప్పితే కంటికి కనిపించని పోగు కూడా తగులుతుంది.

ఆ తర్వాత కెమెరా లేకుండానే హౌసింగ్‌ను మూసి, లోపల ఒక టిష్యూ కాగితం పెట్టి, పైన బరువు కట్టి ఇంటి నీళ్ల తొట్టిలో అరగంట ముంచి ఉంచుతారు. వ్యాక్యూమ్ పంపు ఉన్నవాళ్లు ముందే లోపలి గాలి లాగి, హౌసింగ్ సూచిక దీపం ఆకుపచ్చగా నిలిచిందో లేదో చూసుకుంటారు. అరగంట తర్వాత పైకి తీసి, బయటి తడి పూర్తిగా ఆరాక మూత తెరవాలి. కాగితం పొడిగా ఉంటే కెమెరా లోపలికి వెళ్తుంది. తడి కనిపిస్తే మళ్లీ ఓ-రింగ్ దగ్గర నుంచి మొదలు.